అక్టోబరు లెక్కలో పిల్లలు

అమెరికాలో ప్రతి ప్రభుత్వ బడి వివరాలూ ఏటా కేంద్రానికి చేరతాయి. ఎంతమంది పిల్లలు నమోదయ్యారు, వారిలో బాలురెందరు, బాలికలెందరు, ఏ జాతివారెందరు, టీచర్లెందరు, ఉచిత భోజనానికి అర్హులెందరు అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. జాతీయ విద్యా గణాంకాల కేంద్రం వాటిని ‘కామన్ కోర్ ఆఫ్ డేటా’ పేరుతో ప్రచురిస్తుంది. ఇల్లు కొనబోయే దంపతులు మొదలుకొని విద్యా జిల్లా (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) బోర్డు సభ్యుల దాకా ఒక బడి ఎలాంటిదో తెలుసుకోవడానికి ముందుగా చూసేది ఈ పట్టికనే.

పెద్ద బడుల విషయంలో దీనికి తోడు పరీక్షల ఫలితాలుంటాయి. ప్రీస్కూలుకు ఆ ఆసరా లేదు. 2015 నాటి ‘ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్’ చట్టం ప్రకారం కూడా రాష్ట్రస్థాయి పరీక్షలు మూడో తరగతి నుంచే మొదలవుతాయి. మూడు నాలుగేళ్ల పిల్లలకు మార్కులుండవు, ఉండకూడదు కూడా. దాంతో చదివేవారి చూపంతా జాతి శాతాల మీద, భోజనం శాతాల మీద, ఒక్కో టీచరుకు ఎందరు పిల్లలన్న నిష్పత్తి మీద పడుతుంది. బడి నాణ్యతను వాటినుంచే ఊహించేస్తారు. ఈ అలవాటు ఆ పసిపిల్లలకు అన్యాయం చేస్తోంది. పట్టికలో ఉన్నది తప్పు లెక్క కాదు. కానీ అది దేన్ని లెక్కిస్తోందో తెలియకపోతే ప్రతి అంకే తప్పుదారి పట్టిస్తుంది.

ప్రాథమిక పాఠశాల తన పరిధిలో నివసించే పిల్లలందరినీ చేర్చుకోవాలి. కాబట్టి అక్కడి శాతాలు చూస్తే ఆ పేట ఎలా ఉంటుందో కొంతవరకు తెలుస్తుంది. ప్రీస్కూలు అలా కాదు. ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ ప్రీస్కూలు సీటు అందరికీ దక్కే హక్కు కాదు. 2022–23లో రాష్ట్ర ప్రభుత్వాల నిధులతో నడిచే ప్రీస్కూళ్లలో చేరినవారు దేశంలోని నాలుగేళ్ల పిల్లల్లో 35 శాతం, మూడేళ్ల పిల్లల్లో 7 శాతం మాత్రమే. ఆ కొద్దిమంది ఎవరన్నది ప్రవేశ నియమాలే తేలుస్తాయి. అందువల్ల ప్రీస్కూలు పట్టికలో కనబడే పిల్లల సమూహానికి ఆ ఊరికన్నా ఆ బడి గడపతోనే ఎక్కువ సంబంధం. గడప దగ్గర ఎవరిని రమ్మన్నారు, ఎవరిని ఆగమన్నారు అన్నది ముందు తెలియాలి. శాతాలు ఆ తరువాతే అర్థమవుతాయి.

ఆ గడపల్లో అన్నిటికన్నా గట్టిది వైకల్యం ఉన్న పిల్లల కోసం చట్టం తెరిచినది. వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ బడిలో ఉచిత విద్య అందాలని 1975లో కేంద్ర చట్టం వచ్చింది. 1986 సవరణ దాన్ని మూడేళ్ల వయసు దాకా కిందికి దించింది. ఇప్పుడు ‘ఐడియా’ అనే పొట్టిపేరుతో పిలిచే ఆ చట్టం ప్రకారం అటువంటి పిల్లలను వెతికి గుర్తించడం కూడా విద్యా జిల్లా బాధ్యతే. మాటలు ఆలస్యమైన బాబుకైనా, ఆటిజం ఉన్న పాపకైనా మూడో పుట్టినరోజు నాటికి ‘ఐఈపీ’ అనే వ్యక్తిగత విద్యా ప్రణాళిక సిద్ధం కావాలి, సేవలు మొదలు కావాలి. ఈ పిల్లలకు మాత్రం సీటు హక్కుగా వస్తుంది. జాబితాలో నిలబడి ఎదురుచూడాల్సిన పని లేదు.

దీని ప్రభావం నమోదు అంకె మీద ఎలా పడుతుందో చూడాలి. పుట్టినరోజులు ఏడాది పొడవునా వస్తుంటాయి. సెప్టెంబరులో ఎనిమిది మందితో మొదలైన గదిలోకి నవంబరులో ఒకరు, జనవరిలో ఇద్దరు, మార్చిలో మరొకరు వచ్చి చేరతారు. మే నెలకు పన్నెండు మంది అవుతారు. కేంద్రానికి వెళ్లే లెక్క అక్టోబరు 1 ప్రాంతానిది. అందులో ఎనిమిది మందే ఉంటారు. ఆ లెక్క చూసి ఒక సహాయకురాలి పోస్టు మిగులుగా ఉందని ఎవరైనా భావిస్తే ఆ నష్టం వసంతకాలంలో చేరిన నలుగురిదీ, అప్పటికే సర్దుకున్న ఎనిమిది మందిదీ కూడా. ఈ ఒక్క కారణంగానైనా ప్రీస్కూలు సిబ్బందిని అక్టోబరు అంకె మీద నిర్ణయించకూడదు.

బాలబాలికల నిష్పత్తి కూడా ఇక్కడే అర్థమవుతుంది. ప్రత్యేక విద్య అందుకునే పిల్లల్లో దేశమంతటా బాలురే ఎక్కువ, దాదాపు మూడింట రెండు వంతులు. అందుకే ఒక ప్రీస్కూలులో బాలురు 62 శాతం అని కనబడితే వింతపడాల్సింది లేదు. ఆ భవనంలో ఐఈపీ పిల్లలు ఎక్కువగా ఉన్నారనడానికి అది ఒక జాడ. జాడలతోనే సరిపెట్టుకోవాల్సి రావడానికి కారణం ఉంది. వైకల్యం ఉన్న పిల్లల సంఖ్యను ఈ కేంద్ర పట్టిక జిల్లా మొత్తానికి ఇస్తుంది, ఒక్కో బడికి విడిగా ఇవ్వదు. ప్రీస్కూలు గురించి అన్నిటికన్నా ముందు తెలియాల్సిన సంగతి బడి పేరున ఉన్న పేజీలో ఉండదు.

వైకల్యం ఉన్న పిల్లలను వీలైనంతవరకు మిగతా పిల్లలతో కలిపే చదివించాలన్నది చట్టం ఆశయం. కేంద్ర నివేదికల్లో ఒక తరగతిని ‘సాధారణ’ బాల్యవిద్యా తరగతి అనాలంటే అందులో కనీసం సగం మంది వైకల్యం లేని పిల్లలై ఉండాలి. ఆ సగాన్ని నింపడానికి చాలా జిల్లాలు బయటి పిల్లలను తీసుకుంటాయి. కొన్నిచోట్ల ఫీజు తీసుకుని చేర్చుకుంటారు, కొన్నిచోట్ల లాటరీ వేస్తారు. ఫీజు కట్టగలిగేది, సగంపూట బడికి మధ్యాహ్నం వచ్చి బిడ్డను తీసుకెళ్లగలిగేది ఎవరు? ఒక స్థాయి ఆదాయం, కాస్త తీరిక ఉన్న కుటుంబాలే. అంటే ఒకే గదిలో రెండు వేర్వేరు వరసల్లో వచ్చిన పిల్లలు కూర్చుంటారు. పట్టికలోని శాతం ఆ రెండు వరసల సగటు. ఆ సగటుకు సరిపోయే కుటుంబం అసలు ఆ గదిలో ఒక్కటీ ఉండకపోవచ్చు.

మరో గడప పేదరికానిది. 1965 వేసవిలో ఎనిమిది వారాల కార్యక్రమంగా మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్రీస్కూలు పథకం హెడ్ స్టార్ట్ ప్రధానంగా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల కోసం. ఇల్లు లేని పిల్లలకు, పెంపక సంరక్షణలో ఉన్న పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హత ఉంటుంది. సీట్లలో కనీసం పదో వంతు వైకల్యం ఉన్న పిల్లలకు కేటాయించాలి. హెడ్ స్టార్ట్‌ను కొన్నిచోట్ల విద్యా జిల్లాయే నడుపుతుంది, కొన్నిచోట్ల లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. రెండో రకంలో, ఒకే భవనంలో, ఒకే నడవాకు ఎదురెదురుగా ఉన్న రెండు గదుల్లో ఒక గది పిల్లలు బడి నమోదులోకి వస్తారు, రెండో గది పిల్లలు రాకపోవచ్చు. ఆటస్థలం ఒకటే, బస్సు ఆగే చోటు ఒకటే, లెక్క పుస్తకాలు మాత్రం వేరు.

అందరికీ తలుపు తెరిచిన రాష్ట్రాలూ ఉన్నాయి. జార్జియా 1993లో లాటరీ టికెట్ల ఆదాయంతో ప్రీస్కూలు మొదలుపెట్టి 1995లో నాలుగేళ్ల పిల్లలందరికీ విస్తరించింది. ఓక్లహోమా కూడా 1998లో నాలుగేళ్ల పిల్లలందరికీ తలుపు తెరిచింది. న్యూయార్క్ నగరం 2014లో ఒక్క ఏడాదిలోనే పూర్తిరోజు సీట్లను రెట్టింపుకు మించి పెంచింది. ఇలాంటి చోట్ల ప్రీస్కూలు శాతాలు ఊరి శాతాలకు దగ్గరవుతాయి. కాబట్టి ఓక్లహోమాలోని ఒక ప్రీస్కూలును, ఐఈపీ పిల్లల కోసమే నడిచే మరో రాష్ట్రపు ప్రీస్కూలును పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా శ్రమ.

నమోదు తగ్గినప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. 2020 శరదృతువులో ప్రభుత్వ బడుల మొత్తం నమోదు 3 శాతం తగ్గితే ప్రీస్కూలు తరగతుల నమోదు 22 శాతం పడిపోయింది. కరోనా భయం అందరికీ ఒకటే, కానీ ప్రీస్కూలు నిర్బంధం కాదు కాబట్టి తల్లిదండ్రులు పిల్లలను ఇంట్లో ఉంచుకోగలిగారు. కాలిఫోర్నియాలో కారణం వేరు. కిండర్‌గార్టెన్ అంటే ఒకటో తరగతికి ముందుండే ఐదేళ్ల పిల్లల తరగతి. ‘ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్’ పేరుతో నాలుగేళ్ల పిల్లలకు ప్రాథమిక పాఠశాలలోనే తరగతి పెట్టి, అర్హత వయసును ఏటా కొంత చొప్పున సడలిస్తూ 2025–26 నాటికి అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఆ మేరకు అక్కడి ప్రీస్కూళ్లు నాలుగేళ్ల వాళ్లను కోల్పోతాయి. నమోదు గీత కిందికి దిగినంత మాత్రాన బడి చెడిపోయిందని ఆ బడివారిని నిలదీయడం తగదు.

ఇక సిబ్బంది సంగతి. పేజీలో కనబడే ‘టీచరు–పిల్లల నిష్పత్తి’ చాలా సాదా భాగహారం. నమోదైన పిల్లల సంఖ్యను పూర్తికాలపు టీచర్ల సంఖ్యతో భాగిస్తారు. ఇద్దరు సగంపూట పనిచేస్తే ఒక పూర్తికాలపు టీచరు కింద లెక్క. పెద్ద తరగతులకు ఇది పర్వాలేదు. ప్రీస్కూలులో సగంపూట బడులు మామూలు. ఒక టీచరు ఉదయం పదిహేను మందికి, మధ్యాహ్నం వేరే పదిహేను మందికి చెబుతారనుకుందాం. నమోదు 30, టీచరు ఒక్కరు. పేజీలో నిష్పత్తి ముప్పైకి ఒకటి అని పడుతుంది. చదివిన తల్లి గుండె జారిపోతుంది. నిజానికి ఏ సమయంలో చూసినా ఆ గదిలో పదిహేను మంది పిల్లలు, ఒక టీచరు, ఒక సహాయకురాలు ఉంటారు. అంటే ఏడెనిమిది మందికి ఒక పెద్ద మనిషి.

ఆ సహాయకురాలు భాగహారంలోకి ఎందుకు రాలేదంటే, బడి స్థాయిలో కేంద్రం సేకరించేది టీచర్ల సంఖ్య మాత్రమే. సహాయకులు, సలహాదారులు, ఇతర సిబ్బంది లెక్క జిల్లా స్థాయిలోనే ఉంటుంది. మూడేళ్ల పిల్లల గదిలో సహాయకురాలి పని ఏమిటో తెలిసినవారికి ఇది ఎంత పెద్ద లోపమో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక ఉదయం అలాంటి గది ఎలా ఉంటుందో చూస్తే చాలు. తలుపు దగ్గర ఒక బాబు వాళ్లమ్మ చున్నీ కొస పట్టుకుని వదలడం లేదు. టీచరు మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్ల ఎత్తుకు తన ముఖం తెచ్చి, నెమ్మదిగా మాట్లాడుతున్నారు. అదే సమయంలో ఒక పాప కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడింది. సహాయకురాలు గమనించి బాత్రూముకు తీసుకెళ్లారు. బెల్టు విప్పాలి, కూర్చోబెట్టాలి, మళ్లీ తొడగాలి, చేతులు కడిగించాలి, నాలుగైదు నిమిషాలు పడుతుంది. మిగిలిన పదముగ్గురి మీద పూర్తిగా చూపు నిలిపిన పెద్దవారు ఆ కాసేపు గదిలో లేరు. ఒక మూల కట్టెదిమ్మెలతో కట్టిన గోపురం కూలింది. కట్టినవాడు ఏడుస్తున్నాడు, కూల్చినవాడు కూడా బెదిరి ఏడుస్తున్నాడు. మూడో మనిషి ఉంటే అక్కడ కూర్చుని ఇద్దరి చేతా మళ్లీ కట్టించేవారు. ఆ వయసు పిల్లలకు చదువంటే ఎక్కువగా ఇలాంటి నిమిషాలే. నిష్పత్తి గురించి జరిగే వాదనలన్నీ చివరికి ఈ నాలుగైదు నిమిషాల గురించే.

అందుకే నిబంధనలు గదిని కొలతగా తీసుకుంటాయి. రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని జాతీయ బాల్యవిద్యా పరిశోధన సంస్థ రాష్ట్రాలను అంచనా వేసే ప్రమాణాల్లో గదికి ఇరవై మందికి మించకూడదని, పది మందికి కనీసం ఒక పెద్ద మనిషి ఉండాలని పెట్టింది. హెడ్ స్టార్ట్ నిబంధనల్లో నాలుగేళ్ల పిల్లలకు ఇరవై, మూడేళ్ల పిల్లలకు పదిహేడు హద్దు. న్యూజెర్సీలో పేద జిల్లాల బడుల నిధుల మీద నడిచిన ‘అబాట్’ కేసులో 1998లో వచ్చిన తీర్పు తరువాత అత్యంత పేద జిల్లాల్లో గదికి పదిహేను మందే ఉండాలని, అర్హత పొందిన టీచరు, తోడుగా ఒక సహాయకురాలు ఉండాలని నిర్ణయించారు. ప్రీస్కూలు గురించి ఎవరు మాట్లాడినా ఉదాహరించే మిషిగన్‌లోని పెరీ ప్రీస్కూలు 1962లో మొదలైంది. అధ్యయనంలో ఉన్న 123 మంది నల్లజాతి పేద పిల్లల్లో అక్కడ చదివినవారు 58 మంది. ఆరుగురికి ఒక టీచరు చొప్పున ఉండేవారు, ఆ టీచరే వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లితో గంటన్నర కూర్చునేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక సాధించినవి చూపించి, ఇరవై మందికి ఇద్దరున్న గదినుంచి అవే ఫలితాలు కోరడం న్యాయం కాదు.

లెక్క మరోవైపు కూడా వంగుతుంది. కేవలం స్పీచ్ థెరపీ కోసం వారానికి రెండుసార్లు అరగంట వచ్చి వెళ్లే పిల్లలను కొన్ని జిల్లాలు నమోదులో చేరుస్తాయి. ఇళ్లకు, ప్రైవేటు డేకేర్లకు తిరిగి బోధించే టీచర్లను కొన్ని జిల్లాలు ప్రీస్కూలు భవనం కిందే చూపుతాయి. మొదటిది నిష్పత్తిని పెంచి చూపిస్తుంది, రెండోది తగ్గించి చూపిస్తుంది. ఐదుకు ఒకటి అన్న అంకె చూసి సంబరపడేముందు ఆ టీచర్లలో ఎందరు ఆ గదుల్లో రోజంతా ఉంటారో అడగాలి.

నిలకడ ఎంతన్నది మాత్రం ఏ గడిలోనూ కనబడదు. పోయినేడు ఉన్న టీచరే ఈ ఏడాది ఉన్నారా? 2023లో అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం ప్రీస్కూలు టీచర్ల మధ్యస్థ వార్షిక వేతనం 37 వేల డాలర్ల చిల్లర, కిండర్‌గార్టెన్ టీచర్లది 62 వేల డాలర్ల పైమాట. ప్రభుత్వ బడుల్లోని ప్రీస్కూలు టీచర్ల పరిస్థితి సగటుకన్నా మెరుగే అయినా, సహాయకుల జీతాలు అంతటా తక్కువే. ఒక ఏడాది చిన్నవాళ్లకు చెప్పినందుకు జీతం అంత తగ్గితే అనుభవం సంపాదించినవారు పై తరగతికి వెళ్లిపోవడంలో ఆశ్చర్యం లేదు. న్యూజెర్సీ పేద జిల్లాల్లో ప్రైవేటు కేంద్రాల్లో పనిచేసే ప్రీస్కూలు టీచర్లకు కూడా ప్రభుత్వ టీచర్లతో సమానమైన వేతనం ఇవ్వడం ఈ కారణంగానే గొప్ప నిర్ణయం. మిగతా రాష్ట్రాలు అక్కడి గది పరిమాణంకన్నా ముందు ఆ వేతన నియమాన్ని అనుసరించి ఉండాల్సింది.

జాతి గడుల విషయం మరీ సున్నితం. 2010–11 నుంచి బడులు ఏడు గడుల్లో లెక్క ఇస్తున్నాయి. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) అని రాసిన బిడ్డ తెల్లవాడైనా, నల్లవాడైనా, ఆదివాసీ అయినా హిస్పానిక్ గడిలోనే పడతాడు. తెలుగింటి పాప, వియత్నాం కుటుంబపు పాప, లావోస్ కొండల నుంచి వచ్చిన హ్మాంగ్ తెగ శరణార్థుల మనవరాలు ముగ్గురూ ‘ఆసియా’ గడిలో ఒకే అంకెలో కలిసిపోతారు. ఆ మూడు ఇళ్ల ఆదాయాలకు, భాషలకు, బడితో ఉన్న అనుభవానికి పొంతన ఉండదు. తల్లిదండ్రులు జాతి చెప్పడానికి ఇష్టపడకపోతే బడి సిబ్బందే చూసి నిర్ణయించి రాయాలన్నది నిబంధన. మూడేళ్ల బిడ్డ ముఖం చూసి ఎవరో ఒక గడి ఎంచుతారు, అది శాతమై పేజీలోకి ఎక్కుతుంది. 2024 మార్చిలో కేంద్రం ఈ గడులను మార్చి, మధ్యప్రాచ్యం–ఉత్తరాఫ్రికా మూలాలవారికి వేరే గడి ఇచ్చింది. జాతి, హిస్పానిక్ మూలం అన్న రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపింది. బడులు ఆ మార్పును అమలు చేసే కొద్దీ పాత ఏళ్లతో పోలిక తెగిపోతుంది. తెల్లజాతి పిల్లలు తగ్గారని, మరొకరు పెరిగారని అప్పుడు వచ్చే వార్తలను ఆచితూచి చదవాలి.

పైగా ప్రీస్కూళ్లు చిన్నవి. నలభై మంది ఉన్నచోట ఒక్క బిడ్డ అంటే రెండున్నర శాతం. ఒక కుటుంబం కవలలతో ఊరు మారితే ఐదు శాతం మారిపోయినట్టు కనబడుతుంది.

పేదరికానికి కొలతగా వాడే భోజనం అంకె ప్రీస్కూలులో మరీ బలహీనం. కుటుంబ ఆదాయం దారిద్ర్యరేఖకు 130 శాతం లోపు ఉంటే ఉచిత భోజనం, 185 శాతం లోపు ఉంటే తగ్గింపు ధర అన్నది జాతీయ పాఠశాల భోజన పథకం నియమం. అయితే రెండున్నర గంటల సగంపూట తరగతిలో భోజనమే పెట్టరు. భోజనం లేనిచోట తల్లిదండ్రులు దరఖాస్తు నింపరు, అర్హుల సంఖ్య సున్నాకు దగ్గరగా పడుతుంది. పేద పిల్లలతో నిండిన గది కాగితం మీద సంపన్నంగా కనబడుతుంది. మరోవైపు 2010 చట్టంతో వచ్చిన సామూహిక అర్హత పద్ధతిలో, నిర్ణీత శాతం పిల్లలు ముందే అర్హులుగా తేలితే బడి మొత్తానికి ఉచితంగా పెట్టవచ్చు. ఆ హద్దును 2023లో 40 నుంచి 25 శాతానికి తగ్గించారు. పిల్లల కడుపు నింపడానికి ఇది ఎంతో మంచి మార్పు. పేదరికాన్ని లెక్కించడానికి మాత్రం ఆ అంకె ఇక పనికిరాదు.

ఇంట్లో మాట్లాడే భాష గురించి ప్రీస్కూలు పేజీలో తరచూ ఏమీ ఉండదు. ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలను గుర్తించే కేంద్ర నియమం కిండర్‌గార్టెన్ నుంచి మొదలవుతుంది. ఇంట్లో స్పానిష్ తప్ప మరో భాష వినని పిల్లలు సగం మంది ఉన్న గదికి కూడా ఆ గడి ఖాళీగానే ఉండవచ్చు. ఆ గదికి రెండు భాషలు తెలిసిన సహాయకురాలు కావాలని వాదించాల్సి వచ్చినప్పుడు చూపించడానికి అంకె లేకుండా పోతుంది.

అలాగని లెక్కలే వద్దనడం పొరపాటు. సరైన ప్రశ్న అడిగిన లెక్క ఏం చేయగలదో ఈ రంగంలోనే చూశాం. 2005లో యేల్ పరిశోధకుడు వాల్టర్ గిలియం ప్రభుత్వ నిధులున్న ప్రీస్కూళ్లనుంచి పిల్లలను పంపించివేసే రేటు పై తరగతుల రేటుకు మూడు రెట్లకు మించి ఉందని చూపించారు. మూడు నాలుగేళ్ల పిల్లలను! తరువాత కేంద్ర విద్యాశాఖ పౌరహక్కుల విభాగం 2011–12 లెక్కల్లో తొలిసారి ప్రీస్కూలు సస్పెన్షన్లను అడిగింది. నమోదులో 18 శాతం ఉన్న నల్లజాతి పిల్లలు, ఒకటికి మించి సస్పెన్షన్లు పొందినవారిలో 48 శాతం ఉన్నారని తేలింది. 2014 డిసెంబరులో విద్య, ఆరోగ్య శాఖలు కలిసి ఈ పద్ధతిని అరికట్టాలని విధాన ప్రకటన చేశాయి. ఇల్లినాయ్ 2017లో ప్రీస్కూలునుంచి బహిష్కరణను నిషేధిస్తూ చట్టం చేసింది. గిలియం పరిశోధనలోనే మరో సంగతి ఉంది. పిల్లల ప్రవర్తన అర్థం చేసుకోవడంలో సాయపడే మానసిక ఆరోగ్య నిపుణులు గదికి అందుబాటులో ఉన్నచోట, టీచరుకు పిల్లలు తక్కువగా ఉన్నచోట బహిష్కరణలు తక్కువ. సిబ్బంది అంకె, జాతి అంకె పేజీలో వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. గదిలో అవి రెండూ ఒకే బిడ్డ మీద పడతాయి.

నమోదుకు, హాజరుకు మధ్య దూరం ఎంతన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. షికాగో ప్రభుత్వ ప్రీస్కూళ్ల మీద జరిగిన అధ్యయనంలో 2011–12లో మూడేళ్ల పిల్లల్లో దాదాపు సగం మంది, నాలుగేళ్ల వాళ్లలో మూడింట ఒక వంతుకు పైగా బడి రోజుల్లో పదో వంతో, అంతకన్నా ఎక్కువో రాలేదని తేలింది. జలుబు, జ్వరాలు ప్రధాన కారణమే. సగంపూట బడికి తెచ్చి దింపి మళ్లీ తీసుకెళ్లే మనిషి ఇంట్లో లేకపోవడం ఇంకో కారణం. నమోదు పట్టికలో ఆ పిల్లలందరూ ఉన్నారు.

ప్రీస్కూలును చూడటానికి వెళ్లే తల్లిదండ్రులైనా, బడ్జెట్ ముందు కూర్చున్న బోర్డు సభ్యులైనా కాగితం పక్కన పెట్టి బడివారిని నేరుగా అడగదగినవి కొన్ని ఉన్నాయి. ఏ పిల్లలకు సీటు హక్కుగా వస్తుంది, ఏ పిల్లలకు లాటరీలో వస్తుంది, ఎవరు ఫీజు కడతారు? లాటరీలో రానివాళ్లు ఎందరు, వాళ్లు ఎక్కడికి వెళ్లారు? గదిలో ఉదయం తొమ్మిదికి పెద్దవాళ్లు ఎందరు, సహాయకురాలు సెలవు పెట్టిన రోజు ఎవరొస్తారు? పోయినేటి టీచర్లలో ఎందరు ఉన్నారు? ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఏడ్చినప్పుడు ఆ భాషలో ఓదార్చగలిగేవారు ఎవరైనా ఉన్నారా? ఏప్రిల్ నెలలో ఈ గదిలో పిల్లలెందరు? చివరి ప్రశ్నకు జవాబు చాలావరకు టీచరుకు నోటికే వస్తుంది, ఒక్కొక్కరి పేరుతో సహా.